టైబర్ ఒడ్డున చిల్లుపడ్డ మరచెంబు

నేను ఒక ఇత్తడి మరచెంబును. ఇప్పటి పిల్లలకు నేనెవరో విడమరిచి చెప్పాలి. చెంబు మెడకు మర తీసి, ఆ మర మీద తిరిగే మూత పెట్టి, మూతకు పట్టుకోవడానికి ఒక వంపు కమ్మీ బిగిస్తే నేను. ప్లాస్టిక్ సీసాలు రాకముందు రైలెక్కే ప్రతి ఇంటివాళ్ళ చేతిలోనూ మావాళ్ళు ఒకరు ఉండేవాళ్ళు.

పుట్టిన రోజు నుంచి నాకు ఒకటే భయం. కారతానేమోనని. ఈ భయం నాకు నేను తెచ్చుకున్నది కాదు. గోదావరి పక్కన అజ్జరంలో నన్ను చేసిన కంచరాయన రేకు కొట్టి, నడుము దగ్గర అతుకు వేసి, మర తీసి, నిండా నీళ్ళు పోసి మూత బిగించి, పొడి ఇసుక మీద తలకిందులుగా వేలాడదీశాడు. కింద ఇసుక తడిస్తే మళ్ళీ కొలిమిలోకే. పుట్టీ పుట్టగానే తలకిందులుగా వేలాడుతూ, ఎక్కడ ఒక్క చుక్క జారుతుందోనని బిగపట్టుకున్నదాన్ని నేను. ఆ బిగువు తర్వాత ఎన్నడూ సడలలేదు.

నన్ను కొన్నది ఇన్నమ్మ. నర్సరావుపేటకు అవతల, నీళ్ళ ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చే ఊరు ఆమెది. గుణదల మరియమాత తిరునాళ్ళకు వచ్చినప్పుడు బెజవాడ పాత్రల కొట్లో కొని, నా భుజం మీద తన పేరు కొట్టించుకుంది. ఏటా ఆ కొండ ఎక్కేది, నన్నూ ఎక్కించేది. మనుషులు దేవుణ్ణి చూడటానికి వెళ్తామంటారు గానీ, దారంతా చూసుకునేది నీళ్ళ చెంబునే. చివరికి ఇన్నమ్మ పోయేముందు ఆమె నోట్లో పడ్డ చుక్కలు కూడా నావే. ఆ తర్వాత కోడలు శౌరమ్మ చేతికి వచ్చాను.

శౌరమ్మ చేతికి వచ్చాకే తెలిసింది, భయపడటంలో నేను ఆమె ముందు ఎందుకూ పనికిరానని. భర్త మర్రెడ్డి పొలం నుంచి ఆలస్యంగా వస్తే లారీ గుద్దిందేమో అనుకునేది. పెందలాడే వస్తే జ్వరం తగిలిందేమో అనుకునేది. గ్యాసు కట్టేసి వీధి చివరి దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి ముక్కుతో పొయ్యిని వాసన చూసేది. పిల్లలు లేనన్నాళ్ళూ పుట్టరేమోనని భయం. పెళ్ళయిన చాలా ఏళ్ళకు లూర్దు పుట్టాక, ఇక చెప్పేదేముంది.

లూర్దుకు చెవులు వినపడవు. పళ్ళెం కింద పడ్డా పాప తిరిగి చూడలేదని శౌరమ్మే మొదట కనిపెట్టింది. అందరూ ఆమె మామూలు భయమే అనుకున్నారు. ఆ ఒక్కసారి మాత్రం ఆమె భయం నిజమైంది. గుంటూరులో డాక్టర్లు చెవికి మిషన్ పెట్టారు. పిల్ల దాన్ని పీకి పారేసేది. పిలిస్తే పలకని పిల్లను ఎలా పెంచాలో ఏ డాక్టరూ చెప్పలేదు.

ఆ దారి కనిపెట్టింది శౌరమ్మే. ఒకనాడు కోపంలోనో దిగులులోనో నన్ను చెక్క మంచం పట్టె మీద ఠంగుమని కొట్టింది. మంచం అవతలి చివర పడుకున్న పిల్ల తల తిప్పి చూసింది. వినపడి కాదు. చెక్కలోంచి ఆ అదురు పిల్ల చెంపకు తగిలింది. శౌరమ్మ నన్ను గుండెకు అదుముకుని చాలాసేపు ఏడ్చింది. ఆనాటి నుంచి రెండు దెబ్బలు కొడితే అమ్మ అని లెక్క. మంచం మీదున్నా, అన్నం పీట మీదున్నా, తలుపుకు ఆనుకుని ఉన్నా, రెండు దెబ్బలు తగిలితే లూర్దు అమ్మకోసం చూసేది. నీళ్ళు మోయడానికి పుట్టినదాన్ని, ఒక పిల్లకు పిలుపునయ్యాను.

ఇంకొకటి కూడా నేర్పింది. గుణదల జనంలో, ఆసుపత్రిలో, బస్టాండులో, ఎక్కడ కూర్చున్నా లేచేముందు ఆ చోటును వేలితో చూపించి, రెండు అరచేతులూ కిందికి నొక్కి చూపేది. తప్పిపోతే ఇక్కడికే వచ్చి కూర్చో, కదలకు అని దాని అర్థం. పిల్ల కూడా అరచేతులు నొక్కి చూపేదాకా లేవనిచ్చేది కాదు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే శౌరమ్మ మరిచిపోయింది.

లూర్దుకు ఏడేళ్ళప్పుడు వాళ్ళ ఊరి చర్చి ఫాదరుగారు ఇరవైమందితో రోమ్ యాత్ర కట్టారు. పిల్లకు మాటవస్తే రోమ్ తీసుకొస్తానని శౌరమ్మ మొక్కుకుంది. మాట రాలేదు. అయినా బయల్దేరింది. తీసుకెళ్తేనన్నా వస్తుందేమోనని. మొక్కును ఇలా తిరగేసుకోవడం మనుషులకే చేతనవును. మర్రెడ్డి మిరపకోతలని ఆగిపోయాడు. కానీ రోమ్‌లో ఆమెకో దిక్కుంది. మర్రెడ్డి చెల్లెలు సిస్టర్ అమలోద్భవి, కన్యాస్త్రీ, అక్కడి మఠంలో పన్నెండేళ్ళుగా ఉంటోంది.

విమానాశ్రయంలో నాలోని నీళ్ళు పారబోయమన్నారు. శౌరమ్మ ఒలకబోయడానికి మనసొప్పక గుక్క తిప్పుకోకుండా తాగేసింది. యూనిఫాం వేసుకున్న అబ్బాయి నా మూత తిప్పి లోపలికి తొంగి చూశాడు. అన్నేళ్ళలో నాలోకి అంత అనుమానంగా చూసినవాడు అతనొక్కడే.

రోమ్‌లో నది పేరు టైబర్. దాని అవతలి ఒడ్డున త్రస్తేవెరె అని ఒక పాత పేట. ఆడపడుచు మఠం అక్కడే. ఆమే మమ్మల్ని తిప్పింది. కావిరంగు, పసుపురంగు గోడలు, వాటి మీద పాకిన తీగలు, ఇద్దరు పక్కపక్కన నడిస్తే భుజాలు రాసుకునే సందులు. మేడ నుంచి ఎదురు మేడకు తాళ్ళు కట్టి బట్టలు ఆరేస్తారు. కింద నేలంతా నల్లరాళ్ళు, చిన్న చిన్న ముక్కలుగా పేర్చినవి. సందు మలుపుల్లో గోడ ఎత్తున అద్దాల పెట్టెలో మరియమాత, ముందు చిన్న దీపం.

జోజమ్మ పిన్ని మాత్రం పైకి చూసి, “ఏందే ఇది, పోపు సామి ఊళ్ళో కూడా లంగోటీలు వీధిలోనే ఆరేస్తారా?” అంది. జోజమ్మ శౌరమ్మకు వరసకు పిన్ని. ఊళ్ళో చావుకెళ్ళినా నాలుగు నవ్వులు పూయించి వచ్చే మనిషి.

ఆ పొద్దున్న అక్కడి మరియమాత పాత గుడిలో పూజ విన్నారు. బారు చెక్క బల్లలు. శౌరమ్మ లేచేముందు అలవాటుగా బల్లను చూపించి రెండు అరచేతులూ నొక్కింది. లూర్దు కూడా నొక్కింది. బయటికి వచ్చి రెండు సందులు తిరిగాక ఆ పంపు కనపడింది.

నడుమెత్తు ఇనప స్తంభం. దానికొక వంపు గొట్టం. గొట్టంలోంచి నీళ్ళు ధారగా పడిపోతున్నాయి. పక్కన ఎవరూ లేరు, పట్టుకునేవాళ్ళు లేరు, బిందె లేదు. నీళ్ళు పడుతున్నాయి, నల్లరాళ్ళ సందుల్లోంచి కాలువలోకి పోతున్నాయి.

శౌరమ్మ ఆగిపోయింది. “అయ్యో, ఎవరో కట్టేయకుండా పోయారు!”

“దానికి కట్టేసే మర ఉండదు వదినా,” అంది అమలోద్భవి. “రాత్రింబగళ్ళు పారతానే ఉంటాయి. ఈ ఊళ్ళో అన్నీ ఇట్టాంటియ్యే. తాగే నీళ్ళే.”

“తాగే నీళ్ళా? పారతానే ఉంటాయా? ఎవరూ అడగరా?”

“ఎవర్ని అడుగుతావే, నీళ్ళనా?” అంది జోజమ్మ. “అంత ఇదిగా ఉంటే మీ అత్త చెంబుకి మర ఉందిగా, ఆ మూత తెచ్చి దీనికి బిగించు!”

అందరూ నవ్వారు. శౌరమ్మ నవ్వలేదు. పిల్ల మణికట్టు మీద ఎప్పుడూ తన వేళ్ళ ఎర్రచార ఉండేంత గట్టిగా పట్టుకునే మనిషి, ఆ చెయ్యి వదిలింది. నన్ను అందుకుంది. ముందు నన్ను నింపింది. నిండాక స్తంభం వెనక తడిమింది, పక్కల తడిమింది, ఎక్కడో తిప్పేది ఉండకపోతుందా అని. దొరకలేదు. ఇక అరచెయ్యి పెట్టి గొట్టం మూతిని గట్టిగా మూసింది. గొట్టం పైన ఒక చిన్న బెజ్జం ఉంటుందని ఆమెకేం తెలుసు? అక్కడి వాళ్ళు వంగకుండా తాగడానికి పెట్టుకున్నది. నీళ్ళు అందులోంచి చివ్వున ఎగిసి జోజమ్మ ముఖం మీద, ముడి మీద, కొత్త చీర మీద పడ్డాయి.

“ఒసేయ్ నీ దుంపతెగ! నాకు బాప్తిస్మం అయిందే, మళ్ళీ ఎందుకు ఇస్తన్నావు!”

ఇరవైమందీ పడీ పడీ నవ్వారు. ఫాదరుగారు కూడా నవ్వారు. ఎన్నాళ్ళకో శౌరమ్మ కూడా నవ్వింది. సరిగ్గా ఆ నవ్వులోంచి ఒక గొడుగు ఎత్తిపట్టిన గైడు, అతని వెనకాల పెద్ద టూరిస్టు గుంపు మా మధ్యలోంచి దూసుకుపోయింది. గుంపు వెళ్ళిపోయింది. శౌరమ్మ తడి చెయ్యి పక్కకు చాపింది, మణికట్టు కోసం.

మణికట్టు లేదు.

రెండో చేతిలో, పిల్ల చెయ్యి ఉండాల్సిన చోట, నేనున్నాను. ఎవరివో నీళ్ళు పోతున్నాయని తన పిల్లను వదిలింది. అలాంటిది మరో ఊరివాళ్ళు చేయగలరని నేను అనుకోను. నాలుగు రోజులు ట్యాంకరు కోసం బిందెలు వరసన పెట్టుకుని కూర్చున్నవాళ్ళకే అది చేతనవుతుంది.

“లూర్దూ! లూర్దూ!” అందరూ సందుల్లోకి చూస్తూ అరిచారు.

“పిలవకండే!” శౌరమ్మ కీచుగా అంది. “దానికి వినపడదని తెలిసి ఎందుకు పిలుస్తారు!” అని, మరుక్షణం తనే గొంతు చించుకుని, “లూర్దూ!” అని అరిచింది.

అమలోద్భవి పోలీసుల దగ్గరికి పరుగెత్తింది. ఫాదరుగారు కొందరిని తీసుకుని ఒక వైపు వెళ్ళారు. తిరిగొస్తుందేమోనని జోజమ్మ తడిబట్టలతో పంపు దగ్గరే నిలబడింది. అందరూ శౌరమ్మను కూడా అక్కడే ఉండమన్నారు. ఆమె ఉండలేదు. సందు చివర చెట్ల సందున నీటి మెరుపు కనిపించింది. ఆ మెరుపు కదిలింది.

నది. ఆమెకు ఇక వేరే ఏదీ తోచలేదు. గుడి తోచలేదు, బల్ల తోచలేదు, తాను నేర్పిన గుర్తు తోచలేదు. ఎప్పుడూ చెడే ముందు కనిపించే కళ్ళు అవి. అందులోనూ పెద్ద చెడు దగ్గరికే పరుగెత్తాయి. నాకు గుర్తుంది. గుడిలో ఆ బల్ల మీద నేనూ ఉన్నాను, అరచేతులు నొక్కడం చూశాను. చెప్పాలని నాలోని నీళ్ళన్నీ కుతకుతలాడాయి. చెంబు మాటలు ఎవరు వింటారు?

టైబర్ మన నదుల్లా ఒడ్డున కూర్చునే నది కాదు. వరదలకు భయపడి రెండు వైపులా కోటగోడలంత ఎత్తు గోడలు కట్టారు. కిందికి దిగాలంటే రాతి మెట్లు. శౌరమ్మ చీర కుచ్చిళ్ళు పిడికిట పట్టుకుని, చెప్పులు వదిలేసి దిగింది. కింద నీళ్ళు ఆకుపచ్చగా, చిక్కగా పోతున్నాయి. ఎర్రనిదేదో తేలుతూ వస్తోంది. లూర్దు గౌను ఎరుపు. శౌరమ్మ ఇంకో మెట్టు దిగింది. అది దగ్గరికి వచ్చింది. చిప్స్ పొట్లం.

అప్పుడు కొట్టింది నన్ను. ఒకటి, రెండు. రాతి మెట్టు మీద. ఒకటి, రెండు. రాళ్ళు అదరవు అమ్మా, మంచం పట్టెలా మోయవు, పక్కనున్న చీమకు కూడా తెలియదు అని చెప్పగలిగితే బాగుండేది. ఆమె కొడుతూనే ఉంది. మర సడలి మూత ఎగిరింది. మెట్లమీద ఠింగు ఠింగుమని దిగి, గట్టు మీద ఒక చుట్టు తిరిగి, నదిలోకి జారింది. అజ్జరంలో మేమిద్దరం ఒకే రేకులోంచి పుట్టాం. అది మునిగిపోతుంటే శౌరమ్మ చూడను కూడా లేదు. నాకు ఏడుపు రాలేదు. ఆ వేళ నా మూతను గురించి ఏడ్చుకోవడం సిగ్గనిపించింది.

మళ్ళీ పైకి ఎక్కింది. వంతెన ఇనప కమ్మీలకు కొట్టింది. గోడలకు కొట్టింది, మూసిన తలుపులకు కొట్టింది. ఒక తలుపు తెరుచుకుంది. తెల్లజుట్టు ముసలమ్మ, నడుముకు వంటబట్ట కట్టుకుని, చేతినిండా పిండితో వచ్చింది. శౌరమ్మ తన నడుము దగ్గర చెయ్యి పెట్టి, “ఇంత పిల్లమ్మా, ఎర్ర గౌను, రెండు జడలు, వినపడదు దానికి, మాట రాదు,” అంది. ముసలమ్మ తన భాషలో ఏదో అంది, జాలిగా తలూపింది, నన్ను చేతుల్లోకి తీసుకుని లోపలికి వెళ్ళింది. నిండా నీళ్ళు పోసి తెచ్చి ఇచ్చింది. దాహమని అనుకుంది పాపం. శౌరమ్మ ఆ నీళ్ళ వంక చూసి, “నీళ్ళు ఎందుకమ్మా నాకు, నీళ్ళ మూలానేగా ఇదంతా,” అని అక్కడే గుమ్మం మీద కూలబడింది.

అప్పుడే నాకు చల్లగా తగిలింది. నడుము దగ్గర. అతుకు విడిపోయింది. చుక్క, చుక్క, చుక్క. నేను కారుతున్నాను. ఏ భయంతో పుట్టానో అది అయిపోయింది. విచిత్రం ఏమిటంటే, అయ్యాక అదేమంత పెద్దదిగా అనిపించలేదు. నా కింద ముసలమ్మ గడప తడుస్తోంది, అంతే. మరి ఈ తల్లి భయపడేది అయిపోతే? దానికి ఆ తర్వాత అనేది లేదు.

శౌరమ్మ లేచింది. సందు మలుపులో గోడ మీది మరియమాత దగ్గర ఆగి పైకి చూసింది. దణ్ణం పెట్టలేదు. అవతలి మలుపులో ఇంకొక మరియమాత. అక్కడా పెట్టలేదు. ఎదురుగా అమలోద్భవి రొప్పుతూ వచ్చింది.

“వదినా! ఎక్కడెక్కడో వెతుకుతన్నా నీకోసం. పోలీసోళ్ళకి ఫొటో ఇచ్చా. పేటంతా చూస్తన్నారు.”

“నదిలో చూడమన్నావా?”

“వదినా, అట్టా అనమాక.”

“చూడమన్నావా లేదా చెప్పమ్మాయ్!”

అమలోద్భవి తల దించుకుంది. అంటే చెప్పిందన్నమాట. శౌరమ్మ ఎదురుగా తెరిచి ఉన్న గుడిలోకి నడిచింది. పొద్దున పూజ విన్న గుడే. ఫాదరుగారు అప్పటికే గుమ్మంలోంచి తొంగి చూసి, ఖాళీగా ఉందని వెళ్ళిపోయారట. ఆమె వెతకడానికి వెళ్ళలేదు. పోట్లాడటానికి వెళ్ళింది.

లోపల చల్లగా, మసకగా ఉంది. పైన బంగారు రంగులో మరియమాత తన కొడుకు పక్కన పీఠం మీద కూర్చుని ఉంది. శౌరమ్మ వెనక వరసలోనే ఆగింది.

“నువ్వూ పోగొట్టుకున్నావుగా,” అంది పైకి చూసి. “తిరునాళ్ళకి పోయి పిల్లోణ్ణి పోగొట్టుకున్నావుగా. మూడు రోజులు వెతికావుగా. నీకు తెలవదా? నీ కొడుకు పన్నెండేళ్ళోడు, గుడిలో పెద్దపెద్దోళ్ళకే జవాబు చెప్పినోడు. నాది ఏడేళ్ళది. నోరు లేదు. ఎవరన్నా పట్టుకుపోతే అరవను కూడా అరవలేదే! మాట అడిగాను, ఇవ్వలా. పోనీలే అనుకున్నా. ఉన్నదాన్ని కూడా తీసుకుంటావా? చెప్పు! చెప్పవేం?”

చెప్పవేం అన్నప్పుడు నన్ను ఎత్తి ఎదురుగా ఉన్న బల్ల మీద కొట్టింది. పిలవడానికి కాదు. కోపంతో. చేతికి అలవాటైపోయి రెండుసార్లు పడింది.

చెక్క. పిల్ల తప్పిపోయాక మొదటిసారి నా కింద బల్ల. నా అదురు ఆ బల్లలోకి దిగింది, మంచం పట్టెలోకి దిగినట్టే. బారు బల్ల పొడవునా పరుగెత్తింది. దూరంగా, అవతలి చివర, బల్ల వీపు మాటునుంచి రెండు జడలు లేచాయి. తర్వాత ఒక ముఖం లేచింది. చెంప మీద చెక్క చారలు పడి ఉన్నాయి. నిద్రకళ్ళతో అటూ ఇటూ చూసి, అమ్మను చూసి, మొహం చిట్లించింది.

గుంపు అడ్డం వచ్చి అమ్మ కనపడకపోయేసరికి, ఏడవకుండా, ఎవరినీ అడగకుండా రెండు సందులు వెనక్కి నడిచి వచ్చి, పొద్దున కూర్చున్న బల్ల మీదే కూర్చుంది లూర్దు. కూర్చుని కూర్చుని పడుకుంది. అమ్మ చెప్పినట్టే చేసింది. రానిది అమ్మే.

శౌరమ్మ బల్లలు పట్టుకుని పట్టుకుని అక్కడికి చేరింది. ముందు వీపు మీద ఒకటి వేసింది. ఆ తర్వాత ఎముకలు విరుగుతాయేమో అన్నంతగా పట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. పిల్ల ఎలాగో ఒక చెయ్యి విడిపించుకుని అమ్మ గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది. వేలితో బల్లను చూపించింది. రెండు అరచేతులూ కిందికి నొక్కింది. తర్వాత ఆ చేతులే గాల్లోకి తిప్పి అడిగింది. ఇక్కడేనని చెప్పావుగా, నువ్వెక్కడికి పోయావు?

శౌరమ్మ ఆ రెండు అరచేతులూ పట్టుకుని తన కళ్ళకు అద్దుకుంది. వెనక నిలబడ్డ అమలోద్భవి ముసుగు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి పోలీసులూ ఫాదరుగారూ వచ్చారు. వాళ్ళ వెనకాల జోజమ్మ వచ్చి, “దొరికిందా నా తల్లీ,” అని పిల్లను ముద్దు పెట్టుకుని, శౌరమ్మతో, “ఇంకోసారి ఊళ్ళోవాళ్ళ పంపుల జోలికి పోయావంటే చూడు,” అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. జోజమ్మ కూడా నవ్వలేదు.

ఇది జరిగి రెండు మిరపకోతలయ్యాయి. మూత లేక, అతుకు విడిపోయి, వీధి అరుగు మీద పడి ఉంటున్నాను. మొన్న పాత ఇత్తడి తీసుకుని స్టీలు సామాను ఇచ్చే ఆయన వచ్చాడు. నన్ను వెలుగుకు ఎత్తి చూసి, “చిల్లు చెంబు కదమ్మా, నీళ్ళు నిలవవు. ఇటు పడేయండి, మంచి స్టీలు క్యారేజీ ఇస్తా,” అన్నాడు. నేను కొలిమికి సిద్ధంగానే ఉన్నాను. భయం తీరిపోయిన చెంబును కదా.

శౌరమ్మ నన్ను ఆయన చేతిలోంచి లాక్కుంది. “నీళ్ళకి కాదయ్యా ఇది,” అని లోపలికి వెళ్ళింది.

లూర్దు ఎదురుగానే ఉంది, మంచం మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటోంది. శౌరమ్మ నన్ను పట్టె మీద కొట్టింది. ఒకటి, రెండు. పిల్ల తలెత్తి చూసింది. ఏమిటన్నట్టు కనుబొమలు ఎగరేసింది. ఏం లేదని శౌరమ్మ తల అడ్డంగా ఊపింది. పిల్ల మళ్ళీ బొమ్మల్లో పడింది.

రోజూ ఇంతే. పిల్ల కళ్ళముందు ఉన్నప్పుడే ఎక్కువ కొడుతుంది. లూర్దు విసుక్కుంటుంది, ఒక్కోసారి చూడటానికి కాస్త ఆలస్యం చేస్తుంది. ఆ కాస్తలో శౌరమ్మ ముఖం చూడాలి మీరు. మళ్ళీ టైబర్ మెట్లు దిగుతున్నట్టే ఉంటుంది. పిల్ల తల తిరగగానే పైకి ఎక్కి వస్తుంది.

నా నడుముకు ఇంకో సొట్ట పడుతుంది. పడనీ. ఆ తల తిరిగినన్నాళ్ళూ నన్ను కొట్టనీ.